మిద్దె దిగనివాళ్లు

నమోదు 301
గాలి: నైరుతి, మెల్లగా. బూర: మోగలేదు. కిందికి దిగినవారు: లేరు.

‘ఇతర విశేషాలు’ అని అచ్చువేసిన గడి రెండు వేళ్ల వెడల్పుంది. రెండు వేళ్లలో పట్టేంత చిన్న విశేషం మా బేతనియపాలెంలో ఇంతవరకూ జరగలేదు. అందుకని గీత దాటి రాస్తున్నాను. వాతావరణం ఆఫీసువాళ్లు ఏడాదికోసారి ఈ పుస్తకం పట్టుకుపోయి, తెరవకుండానే అటకెక్కిస్తారు. వాళ్లకొచ్చే నష్టమేమీ లేదు.

పొద్దున మంచువలలు దులిపాం, రాత్రి పొగమంచుని నీళ్లుగా పట్టేవి. అరవై మూడు ప్రాణాలకు పద్నాలుగు బిందెల నీళ్లు దిగాయి. ఇవాళ నేను నిలబడి వల దులిపిన చోటే మా నాయన పడవ మీద నిలబడి కానాగంతలు పట్టేవాడు. ముడి అదే, వల అదే, చేప ఒక్కటే లేదు. అఖాతం మూతికి అడ్డంగా ఆనకట్ట వేశాక ముప్పై ఏళ్లలో సముద్రం ఎండి ఉప్పు మిగిలింది. ఆ ఉప్పు మీద అద్దాలు పరిచారు. మేం అద్దాలు తుడుస్తాం, అద్దాలు పట్నానికి కరెంటు పంపుతాయి, పట్నం మాకు బియ్యం పంపుతుంది. మధ్యలో అప్పుడప్పుడూ ఉప్పుగాలి వస్తుంది. వచ్చిందంటే ఇరవై నిమిషాల్లో గుడి ఆవరణలోని దిగుడుగదిలోకి దిగాలి. దిగకపోతే ఒంటి మీద తోలుండదు, రొమ్ములో ఊపిరుండదు. గాలిముల్లు చూసి బూర మోగించడం, అందరినీ లెక్కపెట్టి దింపి ఇనుప తలుపు వేయడం బూర కాపరి పని. ఆ కాపరిని నేను, కొడమల జకరయ్యని. వయసు డెబ్బై మూడు. బడికి వెళ్లింది నాలుగేళ్లు. మిగతా చదువంతా ఉప్పులో కూరుకుపోయిన ఓడల్లో దొరికిన కాగితాల దగ్గర: ఇంజను మరమ్మతు పుస్తకాలు, వంటవాడి సరుకుల చీటీలు, ఎవడో ఎవరికో రాసి పంపడానికి ధైర్యం చాలని ప్రేమలేఖలు పదహారు.

అసలు విశేషం ఇది. కొత్త బూర వచ్చింది. పాతది క్షయరోగిలా దగ్గేది. కొత్త పెట్టెలో పన్నెండు రకాల శబ్దాలున్నాయి. ఏది కావాలో ఆ ఊరి సంఘమే ఎంచుకోవచ్చు. పక్క ఊరివాళ్లు గేదె అరుపు పెట్టుకున్నారు. బుద్ధిమంతులు. మా పాస్టరు ప్రసన్నబాబుగారు పన్నెండూ విని, ఏడోది వినగానే కళ్లు మూసుకున్నారు. వెండి బూర. మంచులోంచి వచ్చినట్టు, కొండ మీంచి దిగినట్టు, వింటే నాకే వెన్ను జలదరించింది.

“ఇది పెడదాం,” అన్నారు.

“వద్దండి అయ్యగారూ,” అన్నాను. “కడబూర మోగుద్ది, ప్రభువు మేఘాల మీద వస్తాడు అని మనోళ్లకి ఉగ్గుపాలతో చెప్పాం. ఈ శబ్దం వింటే పైకి చూస్తారు. ఉప్పుగాలొచ్చినప్పుడు చూడాల్సింది కిందికి.”

“పైకి చూడటం తప్పంటారా తాతా?” అని నవ్వారు.

సంఘమంతా ఆమెన్ అంది. ఆమెన్ అనడం తేలిక. ఆలోచించడానికి పట్టే సమయం కూడా మిగులుతుంది.

నమోదు 309
గాలి: లేదు. బూర: సోమవారం పరీక్ష, ఒక నిమిషం.

పరీక్షకి బూర మోగించగానే ముగ్గురు మోకాళ్లూనారు. ఒకామె చేతిలో అన్నం గిన్నె వదిలేసింది. అన్నం ఉప్పులో పడింది. నేనెందుకు మండిపడుతున్నానో ఆఫీసువారికి అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ప్రభువు రాకడ ఇక రోజుల్లోనే ఉందని ప్రసన్నబాబుగారు చెబుతున్నారు. ఇలా రాకడకి గడువు పెట్టడం నా జీవితంలో ఇది మూడోసారి. మొదటిసారి నాకు తొమ్మిదేళ్లు. ఆదివారం వచ్చేస్తున్నాడని శనివారం ఊళ్లో కోళ్లన్నీ కోసుకు తిన్నారు. పరలోకానికి కోళ్లెందుకని. సోమవారం గుడ్డు కోసం పక్క ఊరికి పోయారు. రెండోసారి నాకు ముప్పై. అప్పటి బోధకుడు, ప్రభువు వచ్చేలోగా ఒకరి దగ్గరొకరు తప్పులొప్పుకోమన్నాడు. అందరూ గుళ్లో నిలబడి ఒప్పుకున్నారు. ఎవరు ఎవరి వల కోశారు, ఎవరు ఎవరి పెళ్లాం వైపు చూశారు, అన్నీ. ప్రభువు రాలేదు. మర్నాటి నుంచి ఊళ్లో జరిగిన తన్నులాటలు సర్దడానికి రెండేళ్లు పట్టింది.

నేను అవిశ్వాసిని కాను. ఆయన వస్తాడు. ఎప్పుడో తెలియదని ఆయనే చెప్పాడు, తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని. ఆయనకే తెలియనిది ప్రసన్నబాబుగారికి ఎలా తెలిసిందన్నదే నా ప్రశ్న.

ప్రసన్నబాబుగారి రుజువు సముద్రం. కొత్త భూమి వచ్చినప్పుడు సముద్రం ఇక ఉండదని వాక్యంలో ఉంది గదా, చూడండి, మన సముద్రం లేదు, అంటారు. లేకపోవడానికి ఆనకట్ట కారణం. ఆ ఆనకట్టకి రాళ్లు మోసినవాళ్లలో మా నాయన ఉన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి, తన సముద్రాన్ని తనే పూడ్చుకుంటున్నానని ఏడ్చేవాడు. అది ప్రవచన నెరవేర్పని అప్పుడెవరూ చెప్పలేదు ఆయనకి.

బుధవారాలు సాధన మొదలైంది. బూర విన్న వెంటనే తెల్లబట్టలతో గుడి మిద్దె ఎక్కాలి. మా మనవరాలు హెప్సిబా ఏడో నెల కడుపుతో నలభై మెట్లూ ఎక్కింది.

నమోదు 316
గాలి: దక్షిణం. బూర: మోగించనివ్వలేదు.

సోమవారం పరీక్ష ఆపించారు. పవిత్రమైన శబ్దాన్ని వారం వారం మోగించి చులకన చేయకూడదట. ఇక మీదట మోగితే నిజంగానే మోగాలట.

ఆరాధన అయ్యాక నేను గుమ్మంలో ఆపి అడిగాను. “అయ్యగారూ, ఇకమీద మోగితే అది గాలికి మోగించింది నేనా, దేవదూతా అన్నది జనానికి ఎట్టా తెలుస్తది?”

“తెలియక్కర్లేదు తాతా. గాలే అయితే ప్రభువు తన రెక్కల కింద దాస్తాడు. రాకడే అయితే గోతిలో దాక్కున్నవాడు మిగిలిపోతాడు. ఏది పెద్ద నష్టమో మీరే చెప్పండి.”

ఇంత చక్కటి మాట ఓడ ఇంజను పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఎంత చక్కగా ఉందంటే, అందులో తప్పెక్కడుందో నాకు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాకగానీ దొరకలేదు. ఆరడుగుల లోతున సమాధుల్లో ఉన్నవాళ్లని పేరుపెట్టి లేపే దేవుడికి, ఎనిమిదడుగుల లోతున గదిలో కూర్చున్నవాళ్లు కనపడరా? వెంటనే లేచి వెళ్లి చెప్పాను. ఆయన ప్రార్థనలో ఉన్నారన్నారు.

నమోదు 322
గాలి: ఈశాన్యం, ఓ మోస్తరు. బూర: 4.10కి. కిందికి దిగినవారు: 52.

పదకొండుమంది దిగలేదు. మిద్దె ఎక్కి చేతులు చాపి నిలబడ్డారు. చిన్నగాలి కాబట్టి బతికారు. మొహాలు చెక్కుతీసిన దోసకాయల్లా అయ్యాయి. రాత్రి ఆరాధనలో వాళ్లని ముందు వరసలో కూర్చోబెట్టి సాక్ష్యం చెప్పించారు. మిగతావాళ్లు అసూయగా చూశారు. పుండ్లని చూసి అసూయపడే జనాన్ని నేను ఇప్పుడే చూడటం.

హెప్సి ఇంటికొచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

“ఈసారి నేనూ ఎక్కుతా తాతా.”

“కడుపులో పిల్లని పెట్టుకునా?”

“దానికోసమేగా. ఈ ఉప్పులో కనేదానికన్నా నేరుగా ఆడికే తీసుకపోతే మంచిది గదా. నీకేం, నువ్వు సముద్రం చూశావు, చేపలు తిన్నావు. ఇది పుట్టి అద్దాలు తుడవాలి, అంతేగా?”

జవాబు లేనప్పుడు ముసలాళ్లు కోప్పడతారు. నేనూ కోప్పడ్డాను. అది వెళ్లిపోయింది.

నమోదు 324
బూర: మోగలేదు.

శబ్దం మార్చమని ఆఫీసుకి రాశాను. జవాబు వచ్చింది: ‘శబ్ద ఎంపిక స్థానిక సంఘం పరిధిలోనిది. సంఘ తీర్మానం జతచేసి పంపగలరు.’ సంఘాన్ని తీర్మానం అడిగాను. సంఘ పెద్ద తిమోతి నాకన్నా పదేళ్లు చిన్న. వాడికి నడక నేర్పింది మా అక్క.

“నీకు విశ్వాసం తగ్గింది బాబాయ్,” అన్నాడు.

“నీకు బుర్ర తగ్గిందిరా,” అన్నాను. మినిట్సులో మొదటి మాటే రాశారు.

నమోదు 331
గాలి: లేదు.

దీవెనమ్మ వదిన దగ్గరికి వెళ్లాను. నాకన్నా ఆరేళ్లు పెద్ద. నన్నింకా ‘అబ్బాయ్’ అని పిలిచే మనిషి ఈ భూమి మీద ఆమె ఒక్కతే. ఆమె కొడుకు సీలా పదకొండేళ్ల కిందట అద్దాల వరసల్లో ఉప్పుగాలికి చిక్కి పోయాడు. ఆ పదకొండుమందిలో ఆమె ఉంది. నుదుటి మీద పుండుకి నూనె రాసుకుంటూ కూర్చుంది.

“ఏందబ్బాయ్, పోట్లాటకొచ్చినావా?”

“పోట్లాటకే. ఈ వయసులో మిద్దెలెక్కడం ఏంది వదినా?”

“చచ్చినోళ్లు ముందు లేస్తారంట. ఆ తరవాతేనంట బతికున్నోళ్లు. అయ్యగారు చదివి చూపిచ్చినాడు. మరి సీలాగాడు లేచి పైకి పోతా ఉంటే, నేను గుంతలో కూసోనుంటే, వాడు ‘మాయమ్మేది’ అని ఎతుక్కోడా?”

“వాడికి తెలీదా నువ్వేడుంటావో?”

“చిన్నప్పుడు తిరనాళ్లలో తప్పిపోయినాడు. గుర్తుందా? రెండు గంటలు. ఇంకోసారి వాణ్ణి ఎతికిచ్చను.”

ఈ మనిషి మీద నాకు కోపం రాలేదు. ఈమెకి ఆ మాట చదివి చూపించి, దాన్ని నలభై మెట్ల మిద్దెకీ నా బూరకీ ముడివేసినవాళ్ల మీద వచ్చిన కోపం ఇంకా దిగలేదు. ఓదార్చడానికి రాసిన మాట అది. ఎక్కడ నిలబడాలో చెప్పడానికి కాదు.

నమోదు 338
గాలి: ఈశాన్యం. ముల్లు ఎర్రగీత దాటింది. బూర: ఉదయం 9.40. కిందికి దిగినవారు: 62.

ఇది తిన్నగా రాయాలి.

9.40కి ముల్లు చూశాను. ఇరవై ఏళ్లలో అంత దూరం అది పోలేదు. మోగించకపోతే ఎవరికీ తెలియదు, మోగిస్తే ఎక్కుతారు. మోగించాను. ఆ వెండి గొంతు ఊరంతా పరుచుకుంది. ఇళ్లలోంచి జనం తెల్లగా బయటికొచ్చారు. ఒక్కడు కూడా గది వైపు తిరగలేదు. అందరూ మెట్ల వైపే. పాడుతున్నారు.

నేను ఆ మెట్లెక్కేసరికి నాలుగు నిమిషాలు పోయాయి.

“దిగండర్రా! గాలి! ముల్లు నేను చూశా, గాలి!”

తిమోతి చేతులు దించకుండానే అన్నాడు. “మిద్దె మీదున్నోడు దిగకూడదని వాక్యం బాబాయ్.”

“అది ఇంట్లో సామాన్ల కోసం దిగకూడదని రా! ప్రాణాల కోసం కాదు!”

ఒక ఉపాయం తోచింది. పాపమని తెలిసే అన్నాను. “ఆయన వచ్చేశాడు! కింద గదిలో ఉన్నాడు! రండి!”

పదిమంది ఒక్క గొంతుతో జవాబిచ్చారు. లోపలి గదిలో ఉన్నాడని ఎవరైనా చెబితే నమ్మవద్దని వాక్యం. నిజమే, ఉంది. నా డెబ్బై మూడేళ్లలో నేను చెప్పిన ఒకే ఒక్క పెద్ద అబద్ధానికి రెండు వేల ఏళ్ల ముందే జవాబు రాసిపెట్టి ఉంది. చివర్లో హెప్సి కడుపు మీద చేతులు పెట్టుకుని కళ్లు మూసుకుని నిలబడింది. చెయ్యి పట్టుకుంటే విదిలించింది.

ప్రసన్నబాబుగారు కనపడలేదు. మైకు బ్యాటరీ తేవడానికి కిందికి దిగారన్నారు.

అప్పుడు నాకొచ్చిన కోపాన్ని ఈ పుస్తకంలో రాయలేను. ఆ కోపంతోనే మెట్లు దిగాను, ఎలా దిగానో తెలియదు. బూరస్తంభం దగ్గరికెళ్లి ఎర్రపిడి పట్టుకుని, ఎత్తి, దించి, ఎత్తి, దించి, ఊపడం మొదలుపెట్టాను. ఆ వెండి బూర ఎక్కిళ్లు పెట్టింది. పీ. పిప్. పీపీ. బ్రర్. కోరింత దగ్గొచ్చిన పిల్లాడిలా. తర్వాత పెళ్లి ఊరేగింపులో వాయించే పాట పట్టాను. అది కూడా శుద్ధ అపశ్రుతిలో.

మిద్దె మీద పాట ఆగింది. తలలు నా వైపు తిరిగాయి. నేనింకా గట్టిగా ఊపాను. పిప్. బ్రర్. పిప్.

ముందుగా నవ్వింది హెప్సి. ఆ నవ్వు నేను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును, ముక్కుతో మొదలవుతుంది. “ఇది దేవదూత కాదర్రా! మా తాత! మా తాత చెయ్యి ఇది!” అని అరిచింది. పక్కవాళ్లు నవ్వారు. దేవుడి బూరకి ఎక్కిళ్లు రావని ఎవరికి వారికే తట్టింది కాబోలు. నవ్వు వచ్చాక మనిషి మిద్దె మీద ఎక్కువసేపు చేతులు చాపి నిలబడలేడు. ఒకరి వెనక ఒకరు దిగారు, తర్వాత పరుగు.

తలుపు దగ్గర నిలబడి లెక్కపెట్టాను. హెప్సి. తిమోతి. ప్రసన్నబాబుగారు ముందే లోపలున్నారు, బ్యాటరీతో. నాతో కలిపి అరవై రెండు.

మిద్దె మీద ఒక తెల్లచీర.

“వదినా! దీవెనమ్మ వదినా!”

ఆమెకు చెవులు మందం. బూర పెద్దగా మోగింది కాబట్టి వినపడింది, ఎక్కిళ్లు వినపడ్డాయో లేదో. ఈశాన్యం వైపు నేల లేచి తెల్లటి గోడలా వస్తోంది. మెట్లెక్కి దిగడానికి ఏడు నిమిషాలు. గోడకి రెండు. తలుపు వేయాలన్నది రూలు. లోపల అరవై ఒక్కమంది ఉన్నారు.

వేశాను. గడియ పెట్టాను.

నమోదు 339
గాలి: తగ్గింది, పదహారు గంటల తర్వాత.

ఆ పదహారు గంటలూ నన్ను తిట్టారు. బతికించినందుకు కాదు. కడబూరని ఎగతాళి చేసినందుకు. అది నిజంగా రాకడే అయి ఉంటే, నా ఎక్కిళ్ల వల్ల పోగొట్టుకున్నామని కొందరు ఏడ్చారు కూడా. ఇనుప తలుపు మీద ఉప్పు వేసే దెబ్బలకంటే లోపలి అరుపులే పెద్దగా ఉన్నాయి.

పొద్దున బయటికొచ్చాం. గది తూర్పు వైపు మనిషెత్తు ఉప్పుమేట వేసింది. పడమటి వైపు దారి తవ్వుకుని గుడికి నడిచాం. మిద్దె మీద దీవెనమ్మ వదిన లేదు. ఎక్కడా లేదు.

తిమోతి మోకాళ్లూనాడు. “పరలోకానికి ఎత్తబడింది,” అన్నాడు.

ఆ మాట అంటుకున్నంత వేగంగా నిప్పు కూడా అంటుకోదు. మధ్యాహ్నానికి సంఘం పుస్తకంలో ఆమె పేరు పక్కన ‘ఎత్తబడెను’ అని రాసి సంతకాలు పెట్టారు. నేను పారలు పట్టుకు రమ్మన్నాను, వెతుకుదామన్నాను. వెతకడం అవిశ్వాసమన్నారు. అరవైమంది కాళ్లూచేతులూ ఉన్నవాళ్లు, ఎనభై ఏళ్ల మనిషి కనపడకపోతే, వెతకడం మానేసి పాటలు పాడారు.

నమోదు 341
గాలి: లేదు.

సంఘం నన్ను నిలబెట్టింది. మూడు నెలలు బల్లకి రాకూడదు, రొట్టె ద్రాక్షరసం నాకు లేవు. తీర్పు చదివింది తిమోతి. ప్రసన్నబాబుగారు తల దించుకుని కూర్చున్నారు.

“ఏమన్నా చెప్పుకుంటావా బాబాయ్?”

“చెప్పుకుంటా. నన్ను వెలేసుకోండి. ఆ మనిషిని మాత్రం వెతకండి.”

ఎవరూ లేవలేదు.

నిన్న, ఇవాళ అద్దాల వరసలన్నీ ఒక్కణ్ణే తిరిగాను. గాలి వాలు చూసుకుని పాత ఓడల దాకా వెళ్లాను. మంచువలల గుంజలు ఒక్కొక్కటీ చూశాను. ఒక్కచోట మాత్రం వెతకలేదు. ఎందుకు వెతకలేదో నాకు తెలుసు.

నమోదు 342

పొద్దున్నే పార తీసుకుని దిగుడుగది తూర్పు వైపు మేట దగ్గరికి వెళ్లాను. తవ్వుతుంటే వెనక అడుగుల చప్పుడు. హెప్సి. చేతిలో తట్ట.

“నువ్వొద్దే, పో.”

“నువ్వు తవ్వు. నేను మోస్తా.”

తలుపుకి ఆరడుగుల దూరంలో దొరికింది. బోర్లా పడి ఉంది, తల తలుపు వైపు. చీర కొంగు మొహానికి చుట్టుకుంది. కుడిచెయ్యి ముందుకు చాపి, వేళ్లు మడిచి ఉంది. తలుపు తట్టేటప్పుడు మడుస్తామే, అలాగ.

ఆమె ఎత్తబడలేదు. దిగింది. నలభై మెట్లూ ఆ గాలిలో తడుముకుంటూ దిగి, ఆవరణంతా పాకి, తలుపు దాకా వచ్చింది. తట్టిందేమో నాకు తెలియదు. లోపల మేం అరుచుకుంటున్నాం. తలుపు వేసింది నేను. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఇంకో అయిదు నిమిషాలు ఆగి ఉంటే అందరం పోయేవాళ్లం, ఆ లెక్క నాకు తెలుసు. లెక్క సరిగ్గా ఉండటం వేరు, నిద్రపట్టడం వేరు.

హెప్సి తట్ట పడేసి గుడి వైపు నడిచింది. కాసేపటికి ప్రసన్నబాబుగారినీ, తిమోతినీ, ఇంకో ఇరవైమందినీ వెంటబెట్టుకొచ్చింది. అందరూ ఆ చెయ్యి చూశారు.

ప్రసన్నబాబుగారు ముందుకొచ్చారు. “ఆత్మ... ఆత్మ ఎత్తబడింది. దేహం మాత్రం...”

“ఊరుకోండి అయ్యగారూ,” అంది హెప్సి. అరవలేదు. “మూడు రోజులుగా ఈమె పక్కనించి నడిచి గుడికి పోయి, ఈమె లేదని పాటలు పాడినాం. ఇంక ఊరుకోండి.”

ఆయన కోటు తీసి పక్కన పెట్టి, నా చేతిలో పార తీసుకున్నారు. నేను ఇచ్చాను. ఇవ్వకూడదనుకుంటూనే ఇచ్చాను.

నమోదు 343

సీలా పక్కనే గొయ్యి తీశాం. సంఘం పుస్తకంలో ‘ఎత్తబడెను’ కొట్టివేసి, ‘దిగుడుగది తలుపు దగ్గర మరణించెను’ అని నా చేత్తో రాశాను. తిమోతి ఆపబోయాడు. నేను చూసిన చూపుకి ఆగాడు. కడబూర నిజంగా మోగిన రోజున లేవడానికి మనిషికో చోటంటూ ఉండాలి. ఎత్తబడిందని రాసి ఆ చోటు కూడా ఆమెకి లేకుండా చేయబోయారు. నాకు అన్నిటికన్నా మండింది అక్కడే.

బూర శబ్దం మార్చడానికి తీర్మానమైంది. గేదె అరుపు. ఒక్కరు కూడా వ్యతిరేకించలేదు. ఆఫీసు రూలు ప్రకారం జతచేసి పంపాను. నా మీద వేసిన బల్ల నిషేధం ఎత్తలేదు. తీర్మానాల వరసలో అది రాలేదట.

నమోదు 357
గాలి: ఈశాన్యం, గట్టిగా. బూర: మధ్యాహ్నం 1.15. కిందికి దిగినవారు: 62.

గేదె అరిచింది. అందరూ దిగారు. మిద్దె వైపు ఒక్కడూ చూడలేదు.

రూలు ఒకటి మార్చాను, ఆఫీసువారిని అడక్కుండానే. ఇదివరకు కాపరి మెట్ల మీద, సగం లోపల నిలబడి లెక్కపెట్టేవాడు. ఇప్పుడు నేను తలుపుకి బయట, పది అడుగుల దూరంలో నిలబడతాను. నడుముకి తాడు కట్టుకుంటాను, రెండో కొస లోపల హెప్సి చేతిలో. ఊరందరూ నన్ను దాటాకే నేను వెనక్కి నడుస్తాను. గోడ ఎంత దగ్గరకొచ్చినా సరే. ఇది పిచ్చితనమని తిమోతి అన్నాడు. కావచ్చు. ఇన్నాళ్లూ ఈ ఊరు చేసినంతది కాదు.

అందరికన్నా చివర్న ప్రసన్నబాబుగారు వచ్చారు. ముసలివాళ్లని, పిల్లల్ని ముందు పంపించి వచ్చారు. నా దగ్గర ఆగారు. ఈశాన్యం వైపు లేస్తున్న తెల్లటి గోడని చూశారు, తర్వాత ఆకాశాన్ని. అలవాటు ఎక్కడికి పోతుంది.

“తాతా,” అన్నారు మెల్లగా. “ఒకవేళ ఇవాళే అయితే?”

“అయితే మంచిదేగా. మీరు లోపలికి నడవండి అయ్యగారూ. బయట నిలబడింది నేనేగా, ముందు నాకే కనపడతాడు. వచ్చి తలుపు కొట్టి లేపుతాలే.”